ప్రభువిచ్చు నిద్రయు, కొని తెచ్చుకొను మత్తును

ధ్యానమునకు వాక్యభాగములు: కీర్తన 127:1-2; 1 రాజులు 19:1-8; మార్కు 15:22-24



127వ కీర్తన రెండవ వచనమును మన తెలుగు బైబిలులో చదువువానికిని, పాత ఆంగ్ల బైబిలులో చదువువానికిని ఒక చిన్న భేదము కనబడును. ఆంగ్ల తర్జుమాలో దేవుడు తన ప్రియునికి నిద్రనే దయచేయునను అర్థమున్నది. మన తెలుగు తర్జుమాలో ప్రియులు నిద్రలో నుండగానే ఆయన వారికి కావలసినది దయచేయునను అర్థమున్నది. హెబ్రీ మాటలను రెండు విధములుగను చదువవచ్చును. పండితులు ఇంకను వాదించుకొనుచున్నారు, వారిని వాదించుకొననిండు. ఏ అర్థము తీసికొన్నను ఒక సంగతి నిశ్చయము. తెల్లవారకమునుపే లేచి, ప్రొద్దుపోవువరకు పాటుపడి, కంగారుతో అన్నము మ్రింగువాని ప్రక్కనే, నెమ్మదిగా పండుకొనియున్న మరియొకనిని కీర్తనకారుడు మనకు చూపుచున్నాడు. మొదటివాడు చేయునదంతయు తన చేతులతో చేయుచున్నాడు. రెండవవాడు కొంతసేపు తన చేతులను విడిచిపెట్టినాడు.

నిద్ర పాటుపడి సంపాదించునది కాదు. మనము పడక వేసికొనగలము, దీపమార్పగలము, కన్నులు మూసికొనగలము. అంతటితో మన పని సరి. నిద్ర రావలెనని పట్టుపట్టినకొలది అది దూరముగా పోవును. నేటి మనశ్శాస్త్రజ్ఞులును ఇదే చెప్పుచున్నారు. నిద్రలేమితో బాధపడువారికి వారు మొదట చెప్పునది మాత్ర కాదు: నిద్ర రానప్పుడు పడకలో పొర్లుచు పోరాడక లేచి కూర్చుండుము, కన్నులు బరువెక్కినప్పుడు తిరిగి పండుకొనుము, రాత్రి ఎట్లు గడిచినను ఉదయము ఒకే వేళకు లెమ్ము అని. వినుటకు మన అవ్వలు చెప్పిన మాటవలె నున్నదిగాని, ఇది పరీక్షించి చూచిన వైద్యమే.

నిద్ర అనగా మనుష్యుడు ఆర్పిన దీపమువలె నుండుటయని పూర్వము అనేకులు తలంచిరి. అది సరికాదు. 1929లో జర్మనీ దేశస్థుడైన హాన్స్ బెర్గర్ తలపై అంటించిన తీగెలద్వారా మెదడులోని విద్యుత్తరంగములను వ్రాసి చూపెను. 1953లో చికాగో విశ్వవిద్యాలయములో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను ఇద్దరు, నిద్రించువాని కన్నులు రెప్పల క్రింద కొన్ని వేళలయందు వేగముగా కదలుచుండుననియు, ఆ సమయమున లేపినయెడల వాడు తరచుగా కల చెప్పుననియు కనుగొనిరి. ఇంచుమించు గంటన్నరకొకమారు గాఢనిద్రయు ఈ కలల నిద్రయు ఒకదాని వెంట ఒకటి వచ్చుచు, రాత్రికి నాలుగైదు మారులు తిరుగును. గాఢనిద్రలో పిల్లల ఎదుగుదలకు కావలసిన రసము రక్తములోనికి విడువబడును. పగలు నేర్చిన పాఠము రాత్రి మెదడులో స్థిరపడును. కలల నిద్రలో కాలుసేతుల కండరములు సడలి కట్టివేసినట్లగును. అందుచేతనే కలలో పరుగెత్తువాడు నిజముగా లేచి గోడకు గుద్దుకొనడు. ఎంత కనికరముగల ఏర్పాటో చూడుడి! 1964లో అమెరికాలో రాండీ గార్డ్‌నర్ అను పదునేడేండ్ల విద్యార్థి 264 గంటలు, అనగా పదునొకండు దినములు, నిద్రలేక యుండి చూచెను. దినములు గడచినకొలది మాట తడబడెను, జ్ఞాపకము తప్పెను, లేనివి కనబడెను. బలాఢ్యుడైన యౌవనుని గతియే అట్లున్నది.

ఈ తలంపుతో ఏలీయా యొద్దకు వత్తము. కర్మెలు కొండమీద అగ్ని దిగివచ్చిన మరునాడే, ఒక స్త్రీ పంపిన కబురునకు బెదరి, ఆ ప్రవక్త బెయేర్షెబాకు పారిపోయెను. దాసుని అక్కడ విడిచి, అరణ్యములో ఒక దినప్రయాణము నడచి, బదరీచెట్టు క్రింద కూర్చుండి, ఇక చాలును, నా ప్రాణము తీసికొనుమని ప్రార్థించెను. మనలో ఎవరైనను అట్టి ప్రార్థన చేసినయెడల సంఘములో ఏమి జరుగును? అవిశ్వాసియని ఒకరు, దయ్యము పట్టినదని మరియొకరు, రహస్యపాపమున్నదని ఇంకొకరు. దేవుడేమి చేసెను? ఆ దినమున గద్దింపులేదు, ప్రశ్నలేదు, ఉపదేశమును లేదు. నిద్రపోనిచ్చెను. దూత తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టెను, నీళ్లను చూపెను. తిని త్రాగి అతడు మరల పండుకొనెను. రెండవమారును పండుకొననిచ్చెను! ఇంత గొప్ప ప్రవక్త రెండుసార్లు నిద్రించినాడని దూత ఆక్షేపింపలేదు. ప్రయాణము నీ శక్తికి మించినదని మాత్రమే చెప్పెను. ఇక్కడ నీకేమి పని యను ప్రశ్న నలువది దినముల తరువాత హోరేబు గుహలో వచ్చినది. అన్నమునకును నిద్రకును ముందు ఆ ప్రశ్న వచ్చియుండినయెడల ఏలీయా దానికి ఉత్తరమియ్యగలిగి యుండెడివాడా?

గెత్సెమనేలో శిష్యులు నిద్రించుటకు కారణము దుఃఖమని లూకా వ్రాసెను. మిగిలిన సువార్తికులలో లేని ఈ మాటను వైద్యుడైన లూకా వ్రాసెనని గమనింపుడి. దుఃఖము కొందరి నిద్రను తీసివేయును, మరికొందరిని నిద్రలో ముంచివేయును. నేటి వైద్యులు మనోవ్యాకులత రోగమున ఈ రెండు గుర్తులను వెదకుదురు.

ఇప్పుడొక ప్రశ్న వేసికొనవలెను. నిద్రపోవుట యనగా నమ్ముట. కన్నులు మూసినవానికి కత్తి పట్టినవాడు కనబడడు. సీసెరా పాలు త్రాగి, దుప్పటి కప్పుకొని, యాయేలు గుడారములో పండుకొనెను, మేకుతో లేవలేకపోయెను. సమ్సోను దెలీలా తొడమీద నిద్రించి బలము పోగొట్టుకొనెను. సౌలు తన సైన్యము మధ్య గాఢనిద్రలో నుండగా దావీదు వచ్చి, ఈటెను నీళ్లబుడ్డిని తీసికొని, మనుష్యుని ముట్టక వెళ్లెను. తరువాత అవతలనుండి దావీదు వేసిన కేక అబ్నేరును గూర్చియే: నీ రాజును నీవేల కాయలేదని. గనుక నిద్రను గూర్చి మనము అడుగవలసిన ప్రశ్న, నిద్రించువాని ప్రక్కను మేలుకొనియున్నవాడు ఎవడు అనునది. 121వ కీర్తన ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడని చెప్పి ఈ ప్రశ్నకు జవాబిచ్చుచున్నది. దేవుడు ఆదామునకు గాఢనిద్ర కలుగజేసి ప్రక్కటెముక తీసినప్పుడు, నిద్ర కలుగజేసినవాడే గాయమును మాంసముతో పూడ్చినాడు.

ఆ ఆదికాండము 2:21 వచనమే ఒకప్పుడు ఆసుపత్రిలోనికి వచ్చినది. 1847 నవంబరులో ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారము వాసన చూపి, స్త్రీలకు ప్రసవవేదనలో మత్తు కలుగజేయుట ప్రారంభించెను. హవ్వకు చెప్పబడిన శాపమును తొలగించుటకు మనుష్యుడెవడని కొందరు అడుగుదురని యెంచి, ఆయన ఆ సంవత్సరమే ఒక చిన్న పుస్తకము ప్రకటించి, మొట్టమొదటి శస్త్రచికిత్సకు ముందు దేవుడే నిద్ర కలుగజేసెనని చూపెను. 1853లో విక్టోరియా రాణి ప్రసవమునకు జాన్ స్నో అను వైద్యుడు క్లోరోఫారము ఇచ్చిన తరువాత ఆక్షేపణలు చాలవరకు అణగినవి. వాక్యమునకంటె రాణి మాదిరి కొందరికి ఎక్కువ బలముగా తోచినది కాబోలు!

మన హైదరాబాదునకు ఈ చరిత్రలో చోటు కలదు. 1888లోను 1889లోను నిజాము ప్రభుత్వపు ఖర్చుతో అక్కడ రెండు క్లోరోఫారము కమిషన్లు జరిగినవి. రెసిడెన్సీ వైద్యుడైన ఎడ్వర్డ్ లారీ దొర వాటిని నడిపించెను. కుక్కలమీదను కోతులమీదను వందలకొలది పరీక్షలు చేసి, క్లోరోఫారము మొదట ఊపిరిని ఆపునుగాని గుండెను ఆపదు, కాబట్టి ఊపిరిని కనిపెట్టి చూచినయెడల భయములేదని తేల్చిరి. ఆయనయొద్ద మత్తునిచ్చు పని నేర్చిన డాక్టరు రూపాబాయి ఫర్దూన్‌జీగారు లోకములో ఈ వైద్యము చేసిన మొదటి స్త్రీలలో ఒకరని చెప్పుదురు. అయితే 1911లో లెవీ అను ఆంగ్ల వైద్యుడు, కొద్ది క్లోరోఫారము సహితము గుండెను హఠాత్తుగా నిలిపివేయగలదని చూపెను. హైదరాబాదు కాపరి మేలుకొనియే యున్నాడు, శ్రద్ధగలవాడే, కాని ఒక ద్వారమునే కాచుచుండెను. నేడు మత్తువైద్యుడు ఊపిరిని, గుండెను, రక్తపోటును, రక్తములోని ప్రాణవాయువును ఒక్కసారిగా కనిపెట్టుచుండును. రోగి నిద్రించుచున్నంతసేపు ఆయన బల్లయొద్దనుండి కదలడు. మీలో ఎవరికైన ఆపరేషను జరుగనున్నయెడల, కోయువాని కొరకే గాక ఈయన కొరకును ప్రార్థింపుడి.

ఇక మాటచేత కలిగించు నిద్ర యొకటి కలదు. దానినే హిప్నాటిజమందురు. ఇది వియన్నాలో వైద్యుడైన ఫ్రాంజ్ ఆంటన్ మెస్మర్‌తో లోకములో ప్రసిద్ధి కెక్కినది. అతడు 1778లో పారిసు చేరి, తన దేహమునుండి ఒక అయస్కాంతశక్తి రోగులలోనికి ప్రవహించునని చెప్పెను. మంద వెలుతురు, సంగీతము, చుట్టును కూర్చున్న గుంపు, ఊదారంగు అంగీతో తిరుగు మెస్మర్. రోగులు కేకలువేసి పడిపోవుదురు, లేచి స్వస్థపడితిమందురు. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘములో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవాజియే మొదలగు గొప్పవారుండిరి. వారు రోగులకు తెలియకుండ పరీక్ష చేసిరి. శక్తి ప్రయోగింపబడినదని నమ్మినప్పుడు, ప్రయోగింపకపోయినను రోగులు పడిపోయిరి. ప్రయోగించినప్పుడు, తెలియకపోయినయెడల ఏమియు జరుగలేదు. శక్తి మెస్మర్ చేతిలో లేదు, రోగి తలంపులో నున్నది.

మన దేశములోనే దీని మేలైన ఉపయోగము ఒకటి జరిగినది. స్కాట్లండు దేశపు పాదిరిగారి కుమారుడైన జేమ్స్ ఎస్డేల్ బంగాళములోని హుగ్లీలో ఆసుపత్రి వైద్యుడు. 1845 ఏప్రిల్ 4న, వరిబీజముతో విలవిలలాడుచున్న ఒక ఖైదీ ముందు కూర్చుండి, పుస్తకములలో చదివిన ప్రకారము చేతులు ఆడించెను. ఖైదీ బాధ తెలియని స్థితిలోనికి వెళ్లెను. తరువాత ఆయన అనేక మాసములు, చీకటి గదిలో తన సహాయకులచేత గంటలకొలది ఈ పని చేయించి, వందలకొలది శస్త్రచికిత్సలు చేసెను. ఈథరు గాని క్లోరోఫారము గాని ఆ దేశమునకు ఇంకను రాలేదని జ్ఞాపకముంచుకొనుడి. 1846లో ప్రభుత్వ సంఘము చూచి, కలకత్తాలో ఒక చిన్న ఆసుపత్రి నిచ్చెను. మరి కొద్ది కాలములోనే నిమిషములలో పనిచేయు క్లోరోఫారము వచ్చి, గంటలు పట్టు ఈ పద్ధతిని ప్రక్కకు త్రోసివేసెను.

మాంచెస్టరులో వైద్యుడైన జేమ్స్ బ్రెయిడ్ దీనికి, నిద్రను తెలుపు గ్రీకు మాటనుండి, హిప్నాటిజము అను అర్థమిచ్చు పేరు పెట్టెను. తరువాత ఇది నిద్రయే కాదని గ్రహించి, మనస్సు ఒకే తలంపుమీద నిలిచిపోవుట యని పేరు మార్చ జూచెనుగాని లోకము పాత పేరునే పట్టుకొన్నది. ఆయన చెప్పినదే నిజము. నేడు మెదడు తరంగములు వ్రాసి చూచినను ఆ స్థితి నిద్రవలె కనబడదు. 1842లో లివర్‌పూలులో హ్యూ మెక్‌నీల్ అను పేరుపొందిన బోధకుడు ఇది సాతాను పనియని ప్రసంగించెను. దానిని తాను కన్నులార చూడలేదని ఆ ప్రసంగములోనే ఒప్పుకొనెను. బ్రెయిడ్ అది స్వాభావికమైన కారణములచేతనే కలుగునని చిన్న పుస్తకము వ్రాసి జవాబిచ్చెను. ప్రసంగపీఠమునుండి పలుకువారము ఈ సంగతి మరువకూడదు. చూడని దానికి సాతాను పేరు పెట్టుట సులువు. 1955లో బ్రిటిషు వైద్యసంఘము తగిన వైద్యుని చేతిలో ఇది కొన్ని బాధలకు ఉపయోగమని ఒప్పుకొన్నది.

అయినను మెచ్చుకొనవలసినదంతయు చెప్పిన తరువాత జాగ్రత్త చెప్పవలసియున్నది. హిప్నాటిజములో మనుష్యుడు తెలివి తప్పడు. ఒకని మాటకు తన తీర్పును కొంతసేపు అప్పగించును. కొందరు త్వరగా లోబడుదురు, కొందరు ఎంతకును లోబడరు. లోబడినవారు ఎక్కువ భక్తిపరులు కారు, లోబడనివారు కఠినులును కారు. ఆ స్థితిలో జ్ఞాపకము వచ్చినదని చెప్పు సంగతులు తరచుగా నిజము కావు. అయినను చెప్పువాడు వాటిని నిశ్చయముగా నమ్మును. ఈ మూడును మన సభలకు పట్టించి చూడుడి. దీపములు తగ్గించి, ఒకే పల్లవిని అరగంట పాడించి, డప్పు వేగము పెంచి, ఇప్పుడు పడిపోవుదువని చెప్పి తలమీద చెయ్యి పెట్టినప్పుడు కొందరు పడుదురు. అది ఆత్మ దిగివచ్చుటయని ఎట్లు తెలియును? మెస్మర్ గదిలోను అట్లే పడిరి. పడనివానిని వేదికమీద నిలువబెట్టి నీకు విశ్వాసము లేదని సిగ్గుపరచుట యెంత అన్యాయము! దేవుడు అట్టి సభలలో పని చేయడని నేననను; ఆయన ఎక్కడనైనను చేయును. పడుట మాత్రము దానికి సాక్ష్యము కాదు.

పేతురు సంగతి చూడుడి. యొప్పేలో మేడమీద, మధ్యాహ్నవేళ, ఆకలిగొనియుండగా పరవశుడాయెను. అక్కడ వాడబడిన గ్రీకు మాటనే, ఆదాము గాఢనిద్రకు పాత గ్రీకు బైబిలులో వాడిరి. అయితే పేతురు ఆ దర్శనములో తన తీర్పును పోగొట్టుకొనలేదు. ప్రభువుతోనే వద్దని వాదించెను! మెలకువ వచ్చిన తరువాత దాని భావమేమని ఆలోచించెను; తలుపుయొద్దకు వచ్చిన మనుష్యులద్వారా పరీక్షింపబడెను; కైసరయకు పోవునప్పుడు ఆరుగురు సహోదరులను సాక్షులుగా తీసికొని పోయెను. దేవుడిచ్చు పరవశత బుద్ధిని మూసివేయక దానికి పని కల్పించును.

మూడవది, మింగి కలుగజేసికొను స్థితి. 1943 ఏప్రిల్‌లో స్విట్జర్లండులోని బాసెలులో ఆల్బర్ట్ హోఫ్‌మన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, తాను 1938లో తయారుచేసిన ఎల్.ఎస్.డి. అను పదార్థమును తానే పుచ్చుకొని, సైకిలుమీద ఇల్లు చేరులోపల గదులును మనుష్యులును వికారరూపములుగా మారుట చూచి, పిచ్చియెత్తుచున్నదని భయపడెను. మిల్లీగ్రాములో నాలుగవ వంతు చాలినది. పది సంవత్సరములలో అమెరికా గూఢచారి శాఖవారు మనుష్యుల మనస్సును లోబరచుకొను ఉపాయముగా దీనిని పరీక్షింప మొదలుపెట్టి, తెలియకుండ కొందరికి త్రాగించిరి. 1953లో అట్లు త్రాగింపబడిన ఫ్రాంక్ ఓల్సన్ అను ఉద్యోగి కొన్ని దినములకే న్యూయార్కులో హోటలు కిటికీనుండి పడి మరణించెను. అక్కడ మేలుకొనియున్నవారు కాపరులు కారు.

ఇంకొక పరీక్ష మన ఆరాధనకే సంబంధించినది. 1962 ఏప్రిల్ 20, శుభశుక్రవారము. బోస్టన్ విశ్వవిద్యాలయములోని మార్ష్ ఆలయమందు, 1935-36లో మన దేశమునకు వచ్చి గాంధీగారిని కలిసికొనిన నీగ్రోజాతి బోధకుడు హవర్డ్ థర్మన్‌గారు సిలువ ఆరాధన జరిపించుచుండిరి. ఆ ఆలయపు క్రింది అంతస్థులో ఇరువదిమంది దైవశాస్త్ర విద్యార్థులు లౌడుస్పీకరుద్వారా ఆ ఆరాధన వినుచుండిరి. వైద్యుడును పాదిరియునైన వాల్టర్ పాన్కే వారిలో పదిమందికి, కొన్ని పుట్టగొడుగులలో నుండు సిలోసైబిన్ అను మందును, పదిమందికి ఒళ్లు వేడెక్కించు ఒక విటమినును, ఎవరికేదియో చెప్పక ఇచ్చెను. మందు పుచ్చుకొనినవారిలో అధికభాగము, కాలము మరచితిమి, సమస్తముతో ఏకమైతిమి, పరిశుద్ధమైనదానిని తాకితిమని వ్రాసిరి. విటమిను పుచ్చుకొనినవారికి అంతగా ఏమియు కలుగలేదు.

దీనికేమందుము? ఆ అనుభవము వట్టిదని చెప్పుట సులువైన మార్గము. కాని దాదాపు పాతికేండ్ల తరువాత రిక్ డాబ్లిన్ అనునాయన వారిని వెదకి మాట్లాడి 1991లో ప్రకటించినప్పుడు, మందు పుచ్చుకొనినవారిలో ఇంచుమించు అందరును అది తమ జీవితమునకు మేలే చేసినదని చెప్పిరి. నిజమును దాచరాదు. అయితే ఆయన మరియొక నిజమును బయట పెట్టెను. ఆ దినమున ఒక విద్యార్థి కలవరపడి ఆలయమునుండి బయటకు పోగా, పట్టి తెచ్చి, మత్తు విరుగుటకు ఇంజెక్షను ఇచ్చిరి. పాన్కే తన సిద్ధాంతగ్రంథములో ఆ సంగతి వ్రాయలేదు. చనిపోవుచున్నామని, పిచ్చియెత్తుచున్నదని భయపడినవారును కొందరుండిరి. తొమ్మిదిమంది వెలుగు చూచినప్పుడు పదియవవాని పేరు లెక్కలోనుండి జారిపోయినది. మన కాపరి కథలో లెక్క వేరుగా నున్నది. అక్కడ తొంబదితొమ్మిదిని విడిచి పోయినది ఆ తప్పినదాని కొరకే.

శుభశుక్రవారమనగానే నాకు మార్కు 15:23 జ్ఞాపకము వచ్చుచున్నది. గొల్గొతాలో మేకులు కొట్టకమునుపు యేసునకు బోళము కలిపిన ద్రాక్షారసము ఇయ్యబోయిరి. మరణశిక్ష పొందువారికి యెరూషలేము స్త్రీలు సాంబ్రాణి కలిపిన ద్రాక్షారసమిచ్చు ఆచారము యూదుల తల్ముదులో చెప్పబడియున్నది. తెలివి మందగించి నొప్పి తెలియకుండుటకు. అది దయతో చేయు పనియే. ఆయన పుచ్చుకొనలేదు. ఎందుకు? నొప్పి పుణ్యమని కాదు. ఎందరో రోగుల నొప్పిని తీసివేసినవాడు ఆయన. దోషులను క్షమించుమని అడుగుటకు, ప్రక్కనున్న దొంగకు జవాబిచ్చుటకు, తల్లిని యోహానునకు అప్పగించుటకు తెలివి కావలెను. ఆయన ఆ దినమున అందరి పక్షముగా మేలుకొనియుండెను. గనుక ఆపరేషను బల్లమీద మనము మత్తు పుచ్చుకొనుట అవిశ్వాసము కాదు. ఆయన మేలుకొనియున్నాడు గనుకనే మనము కన్నులు మూసికొనవచ్చును.

గలతీయులకు 5:20లో అభిచారమని మన బైబిలు తర్జుమా చేసిన మాట గ్రీకులో ఫార్మకియా. మందులషాపు ఫార్మసీ యను మాటయు ఆ వేరునుండి వచ్చినదే. దీనిని పట్టుకొని మందులన్నియు పాపమని బోధించువారు అక్కడక్కడ లేచుచున్నారు. అదే పౌలు తిమోతి కడుపునొప్పికి కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మని చెప్పెను, వైద్యుడైన లూకాను ప్రియుడని పిలిచెను. పౌలు ఖండించునది మంత్రప్రయోగమునకు మందు కలుపుటను.

ఇప్పుడు మన వీధిలోనికి వత్తము. నిద్రను అమ్ముట క్రొత్త వ్యాపారము కాదు. పూర్వము ఏడ్చు బిడ్డకు నల్లమందు నాకించి పనికి పోయిన తల్లులు మన దేశములో నుండిరి. క్లోరల్ హైడ్రేటును 1832లో జర్మనీలో కనుగొనిరి. 1869నుండి నిద్రమందుగా వాడిరి. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడు అను నిద్రమందును, గర్భిణులకును భయములేనిదని చెప్పి అమ్మిరి. 1961లో ఆపువరకు, లోకమంతటను పదివేలకు పైగా బిడ్డలు చేతులు కాళ్లు సరిగా లేక పుట్టిరి. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అను అధికారిణి, ఋజువులు చాలవని చెప్పి, ఎంత ఒత్తిడి వచ్చినను అనుమతి పత్రముమీద సంతకము చేయకుండెను. కాపరి మేలుకొనియుండుటయనగా అదియే!

ఆ క్లోరల్ హైడ్రేటే నేడు తెలంగాణ గ్రామములలో కల్తీకల్లుగా మన యిండ్లకు వచ్చుచున్నది. తాటిచెట్టునుండి ఈతచెట్టునుండి దిగిన కల్లు చాలక, నీళ్లలో ఈ మందును గాని, డయాజిపామును, ఆల్ప్రజోలామును గాని కలిపి అమ్ముదురు. సాయంత్రము కాంపౌండునకు పోవు కూలివాడు కల్లు త్రాగుచున్నానని తలంచును. నిజముగా కొనుచున్నది నిద్ర. దినమంతయు మోసిన బరువును మరచుటకు వేరొక ద్వారము అతనికి ఎవరును చూపలేదు. 2015 సెప్టెంబరులో అధికారులు గట్టిగా పట్టుకొనగా, నిజామాబాదు, మహబూబ్‌నగర్ మొదలైన ప్రాంతములలో కల్లుకు అలవాటుపడినవారు మూర్ఛలతో, మతిచలించిన చేష్టలతో ఆసుపత్రులకు తేబడిరి. ఇది మనము బాగుగా గ్రహింపవలసిన సంగతి. ఇట్టి మందులను చాల దినములు పుచ్చుకొని ఒక్కసారిగా మానినయెడల శరీరము తిరుగబడును, ప్రాణాపాయము కలుగవచ్చును.

అందుచేత సంఘపు పెద్దలకును, ప్రార్థన చేయు సహోదరులకును ఒక విన్నపము. కూటములో ఒక తల్లి లేచి, అయ్యగారూ, నేను నిద్రమాత్ర వేసికొనుచున్నానని చెప్పినప్పుడు, విశ్వాసముతో ఈ రాత్రియే పారవేయుమని చెప్పకుడి. మూర్ఛరోగికిని, మనోరోగముతో మందు పుచ్చుకొనువారికిని అట్లు చెప్పకుడి. మాత్రల వలన వచ్చు నిద్ర సహజనిద్ర కాదనుట నిజమే. వాటిలో కొన్ని గాఢనిద్రను తగ్గించును, సారా కలల నిద్రను చెడగొట్టును, అలవాటైనకొలది ఎక్కువ కావలసి వచ్చును. మానుట మంచిదే. కాని వైద్యుని చూపుక్రింద, వారములతరబడి, కొంచెము కొంచెముగా మానవలెను. ఆ వారములలో ఆమె రాత్రులు భయంకరముగా నుండును. మన పని అప్పుడు ప్రారంభమగును: స్త్రీల సమాజమునుండి ఒకరు ఆమె యింట పండుకొనుట, ఆమె భర్త కాంపౌండునకు పోవు వేళకు ఇద్దరు సహోదరులు అతనితో నడచుట, రొట్టెయు నీళ్లును తీసికొని పోవుట. ఏలీయాకు దూత చేసినది ఇంతకంటె ఎక్కువ కాదు.

చివరకు మన రాత్రి ప్రార్థనలను గూర్చి ఒక మాట. రాత్రియంతయు మెలకువగా ప్రార్థించుటకు ప్రభువే మాదిరి. దానిని తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. అయితే ఆయనయే, తుపానులో ఓడ వెనుకతట్టున తలగడమీద తల ఆనించి నిద్రించెను. పగలంతయు నాట్లు వేసి వచ్చిన స్త్రీని, మరునాడు పరీక్షకు పోవు బిడ్డను తెల్లవారువరకు కూర్చుండబెట్టి, కునికినప్పుడు మైకులో పేరుపెట్టి గద్దించుట కొన్నిచోట్ల జరుగుచున్నది. త్రోయలో పౌలు మధ్యరాత్రివరకు ప్రసంగించెను. మేడగదిలో అనేక దీపములు వెలుగుచున్నవి. ఐతుకు అను యౌవనుడు కిటికీలో కూర్చుండి, గాఢనిద్రపట్టి, మూడవ అంతస్థునుండి క్రిందపడెను. పౌలు ప్రసంగమాపి, మెట్లు దిగిపోయి, అతనిమీద పడి కౌగిలించుకొని, ప్రాణమున్నదని చెప్పెను. తిరిగి మేడమీదికి వచ్చిన తరువాత ఆయన మొదట చేసినది రొట్టె విరిచి భోజనము చేయుట. ఆ యౌవనుని గద్దించినట్లు అపొస్తలుల కార్యములలో ఎక్కడను లేదు.